వనభోజనం నాడు ఆలస్యమైన చుక్క

హస్త

కమిటీ వస్తోందట. వాళ్లు వచ్చేలోపు పరిశోధక విద్యార్థులందరూ తమ గురించి ఒక పేజీ రాసివ్వాలని మా గురువు భానోజీ గారు చెప్పారు. మూడు ముక్కలు ఉండాలి: ఎక్కణ్ణుంచి వచ్చాం, ఆకాశంలో ఏం వెతుకుతున్నాం, సైన్సు కాకుండా మనకింకేం బతుకుంది. విద్యార్థులందరూ అంటే ఇద్దరమే, నేనూ గంగోత్రీ. రొద చేసే యంత్రాలను రానివ్వని ఈ లోయలో కమిటీ శాశ్వతంగా ఉండనిచ్చేది ఒక్కరినే. రెండో మనిషి గేటు దాటి, బయట అందరికీ ఉండే మాటబిళ్ల చెవి వెనక మళ్లీ పెట్టించుకుని, లోకం రొదలో కలిసిపోవాల్సిందే. ఇక్కడికి వచ్చిన రోజు ఆ బిళ్ల తీశారు. ఆ మచ్చ ఇప్పటికీ దురద పెడుతుంది, కానీ అక్కడ ఇంకెవరూ మాట్లాడరు. ఆ సుఖం వదులుకోవడం నా వల్ల కాదు.

మొదటి ముక్క తేలిక. పేరు వకుళ, ఊరు తాడేపల్లిగూడెం. నాన్న తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. మా ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్తే ముందు లడ్డూని అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాం, తర్వాతే అక్షింతలు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంటికి అన్నం పెట్టింది ఆ భూతమే.

రెండో ముక్క ఆకాశం గురించి. లోయ అడుగున తవ్విన పెద్ద గిన్నె మా దుర్భిణి. అది అటూ ఇటూ తిరగదు. నడినెత్తి మీదకు ఏ చుక్క వస్తే దాని రేడియో కూత వింటుంది. శ్రావణంలో నాకు అందులో కొత్త కూత ఒకటి దొరికింది. స్వాతి నక్షత్రం దాటిన కాసేపటికి మొదలై, కొద్దిసేపు టకటకమని కొట్టి ఆగిపోతుంది. పటాల్లో అక్కడ ఏమీ లేదు. మొదట నేనే నమ్మలేదు. దీనికి మా దగ్గర పాత పరీక్ష ఒకటుంది. చుక్కలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి. మనుషులు చేసే రొద మాత్రం గడియారాన్ని పట్టుకుని రోజూ అదే వేళకు వస్తుంది. నా కూత శ్రావణంలో సాయంత్రం వినిపించేది, జరుగుతూ జరుగుతూ ఇప్పుడు మధ్యాహ్నానికి వచ్చేసింది. అంటే ఆకాశానిదే. కమిటీ ముందు పెట్టబోయేది దాన్నే.

మూడో ముక్కలో థింసా నాట్యం అని రాశాను. వంట పైడమ్మ నాకు ఆదివారాలు నేర్పుతోంది. అడుగులు తప్పితే మోచేత్తో పొడుస్తుంది.

గంగోత్రి పేజీ కూడా చూశాను. బల్ల మీద పెట్టి వెళ్లింది, చూడొద్దని చెప్పలేదు. ఊరు జమ్మలమడుగు అనీ, నాన్న నేతగాడనీ ఉంది. మూడో ముక్కలో "ఏమీ లేదు" అని రెండే మాటలు. ఏమీ లేని మనిషి ఉంటుందా?

మూల

బయటివాళ్లకు మా వేళలు వింతగా ఉంటాయి. ఇక్కడ అన్నీ నక్షత్రాల లెక్కన నడుస్తాయి. చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ రోజుకు అదే పేరు. స్వాతి నడినెత్తికి రాగానే పైడమ్మ అన్నం గంట కొడుతుంది. శ్రావణంలో ఎండ వాలుతుంటే తిన్న భోజనమే ఇప్పుడు మిట్టమధ్యాహ్నం తింటున్నాం, మాఘంలో తెల్లవారుజామున తింటాం. నిద్ర, స్నానం, బట్టలుతుక్కోవడం అన్నీ దాని వెంటే జరుగుతాయి. గిన్నె ఆకాశంతో నడుస్తుంటే మనం సూర్యుడితో నడవడమేంటని ఈ పద్ధతి పెట్టింది భానోజీ గారే. అంతకుముందు పెద్దలు మామూలు గడియారంతోనే బతికారట.

భోజనం కాగానే అందరూ ఓ కునుకు తీస్తారు. అందరూ అంటే గుప్పెడు మందిమి: మేమిద్దరం, భానోజీ గారు, అంట్లు తోముకున్నాక పైడమ్మ. గేటు కాపలా సూరన్న కొండకు అవతల ఉంటాడు.

నాకూ గంగోత్రికీ ఒకటే గది. భోజనం వేళ దాటగానే నన్ను బయటికి తోలేస్తుంది.

"కొంచేపు గది నాకిడ్సిపెట్టు మే. ఎవరన్నా ఉంటే నాకు నిద్ర పట్టదు."

"రాత్రుళ్లు నా పక్కనే గురకపెట్టి పడుకుంటావు కదే?"

"అది రాత్రి నిద్ర. ఇది వేరే."

తలుపుకు లోపల గడియ పడుతుంది. ఇంకొకటి కూడా చూశాను. బిరుసుగా ఉండే గుడ్డ ఒకటి విడిగా ఉతుక్కుని, తీగ మీద ఆరేయకుండా మంచం కింద ఆరబెట్టుకుంటుంది. థింసాకు రమ్మంటే రెండు అడుగులేసి కూర్చుండిపోతుంది. ఆషాఢంలో భానోజీ గారు ఊరెళ్లి తిరిగొచ్చిన జీపులోనే ఈ పిల్ల దిగింది, అప్పటి నుంచీ ఇదే వరస. నా గ్రాఫులన్నీ దాచిపెట్టుకుని బయటికెవరికో చేరవేస్తోందేమోనని ఈ రోజంతా అనుమానంగా ఉంది.

భానోజీ గారితో అందామనుకున్నాను. ఊరి నుంచి వచ్చాక ఆయన మంచి హుషారుగా ఉన్నారు. అంతకుముందు ప్రతి మాటకూ "ఆఁ?" అని రెండోసారి చెప్పించుకునేవారు. మొన్న వంటింట్లో పులుసు నీళ్లలా ఉందని నేను గొణిగితే, వరండాలోంచే "అవునమ్మా, నాకూ అలాగే ఉంది" అన్నారు. పైడమ్మ నా వంక చూసిన చూపు గుర్తొచ్చి, ఏ మాటా ఎత్తకుండా వచ్చేశాను.

ఉత్తరాభాద్ర

కార్తీక వనభోజనం. పైకొండ మీద ఉసిరిచెట్ల కిందికి పొద్దున్నే ఎక్కాం. గిన్నె దాని పని అది చేసుకుంటుంది, కాపలా అక్కర్లేదు. పులిహోర, కందబచ్చలి, పనసపొట్టు కూర. పైడమ్మ చుట్టాలు డప్పులు తెచ్చారు. మంకీ క్యాప్ చెవుల మీదకు లాక్కుని భానోజీ గారు కూడా ఒక వరుస ఆడారు. గంగోత్రి అందరి చెప్పులకూ కాపలా కూర్చుంది.

అన్నానికి గంట లేదు, ఆకలే గంట. తిని, ఆడి, దిగి వచ్చేసరికి ఎండ పసుపెక్కింది. దిగగానే గంగోత్రి గదిలోకి దూరి గడియ వేసుకుంది. ఇంత అలసటలోనూ ఆ నియమం తప్పలేదు. భానోజీ గారూ సోలిపోయారు. నేను అరుగు మీద కాళ్లు చాపుకుని చాలా సంతోషంగా కూర్చున్నాను.

రేవతి

నిన్నటి గ్రాఫు తీశాను. నా చుక్క ఆలస్యంగా వచ్చింది.

కాసేపు నా కళ్ల మీదే అనుమానం వచ్చింది. గిన్నె గడియారం చూశాను, సరిగానే ఉంది. మిగతా చుక్కలన్నీ తమ వేళకే వచ్చి వెళ్లాయి. నాదొక్కటే స్వాతి వెనక రావలసింది మానేసి, మేం కొండ దిగి, మిగతావాళ్లు పడుకున్నాక వచ్చింది.

నక్షత్రం వనభోజనానికి వెళ్లదు కదా.

అప్పుడు లెక్క అర్థమైంది. పాత పరీక్ష పెట్టిన పెద్దలు మామూలు గడియారంతో బతికారు. వాళ్ల రొద వాళ్ల గడియారంతో వచ్చేది, పట్టుబడేది. మేం మా బతుకునే నక్షత్రాలకు కట్టేసుకున్నాం. మా అన్నం రోజూ నాలుగు నిమిషాలు ముందుకొస్తుంది, మా కునుకూ అంతే. మా మధ్య నుంచి వచ్చే రొద చుక్కలాగే నడుస్తుంది. ఈ మాట ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఇది మనిషి పని. నన్ను కమిటీ ముందు నవ్వులపాలు చేయడానికి కావాలని చేసిన పని. భోజనం కాగానే తలుపేసుకునేది ఎవరో నాకు తెలుసు.

భరణి

అన్నానికి వెళ్లలేదు, కడుపులో బాగాలేదన్నాను. గంట కొట్టాక గదిలోకి వెళ్లి నా మంచం కింద దూరాను. పీహెచ్‌డీలో ఈ పని కూడా ఉంటుందని మా నాన్నకు చెప్తే గర్వపడతాడు.

గంగోత్రి వచ్చింది, గడియ వేసింది. ట్రంకుపెట్టె తెరిచి ఆ బిరుసు గుడ్డ తీసింది. రాగితీగలు కలిపి నేసిన గుడ్డ అది. దాని మడతలోంచి అప్పడమంత బిళ్ల తీసి గుండె మీద పెట్టుకుంది. గుడ్డను ఒంటి చుట్టూ చుట్టుకుని వెల్లకిలా పడుకుంది. నేనింకా ఊపిరి బిగబట్టే ఉన్నాను గానీ, మంచం కింది దుమ్ము ఊరుకోలేదు. తుమ్మాను.

"బయటికి రా మే," అంది గంగోత్రి, కదలకుండా. "ఎలుకలు తుమ్మవు."

బయటికొచ్చి నిలబడ్డాను. జుట్టునిండా బూజు.

"ఏంటది?" అన్నాను.

"నా గుండె సక్రమంగా కొట్టుకోదు. పదో తరగతిలో లోపల యంత్రం పెట్టినారు. దినామూ కొంచేపు ఛార్జింగు పెట్టాల. రెండు దినాలు పెట్టకుంటే అంతే."

"గేటు దగ్గర ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే రానిస్తారా? రొద చేసే యంత్రంతో లోపలికి రారాదని బోర్డు పెట్టుండారు గదా. నాది రొద చెయ్యదు. రొద బయటికి పోకుండా ఈ గుడ్డ మా నాయన నేసిచ్చినాడు. వారం వారం రొద కొలిచే డబ్బా పెట్టి చూసుకుంటాండా, ముల్లు కూడా కదల్లేదు."

గ్రాఫు తెచ్చి ఆమె ముందు పెట్టాను. వనభోజనం రోజు చూపించాను. ఆమె కూడా ఈ చదువు చదివిందే, వివరించాల్సిన పని లేకపోయింది. చాలాసేపు దాన్నే చూసింది.

"ఇది నేను గాదు. గుడ్డ దాటి పోదు మే."

"నీ డబ్బా చెవి వేరు, గిన్నె చెవి వేరు. గిన్నెకు చీమ నడిచినా వినపడుతుంది."

"నువ్వు చుక్క దొరికిందన్న దినం నేనెంత సంబరపడితినో నీకు తెలుసునా?" అంది. అప్పుడు ఏడ్చింది. పక్కన కూర్చోబోయాను, జరిగింది. తప్పు చేసిన పిల్ల అలా జరగదు అని మనసులో ఏదో గుచ్చుకుంది. అయినా గ్రాఫు నా చేతిలోనే ఉంది.

రోహిణి

గంగోత్రి పేరు చెప్పకూడదనుకుని భానోజీ గారి దగ్గరికి వెళ్లాను. ఆలస్యం సంగతి చూపించాను. ఆయన గ్రాఫు దగ్గరగా పెట్టుకుని చూసి, తర్వాత కిటికీలోంచి బయటికి చూశారు.

"ఆ ఒక్కరోజూ తీసీమ్మా," అన్నారు.

"ఎందుకండీ?"

"ఆ వేళ గిన్నె దగ్గర మనవెవరం లేం. ఏదో తేడా వచ్చుంటుంది."

"గడియారం సరిగానే ఉందండీ. మిగతా చుక్కలన్నీ వేళకే వచ్చాయి."

ఆయన మంకీ క్యాప్ సర్దుకున్నారు. "కమిటీకి కొత్త చుక్క కావాలమ్మా. అది లేకపోతే, ఉపగ్రహాలన్నీ మన లోయ మీద నోరు మూసుకుని ఎందుకెళ్లాలి అంటారు. చుక్కుంటే మిమ్మల్నిద్దర్నీ ఉంచీమని నేనడగ్గలను. ఆలోచించుకో."

రొద ఎవరిదని మాత్రం అడగలేదు. పెద్దమనిషి, గంగోత్రిదని ఊహించి ఆడపిల్ల పరువు కాపాడుతున్నారనుకున్నాను.

గంగోత్రితో చెప్పాను. ఒక్కరోజు తీసేస్తే నేనుంటాను, నువ్వుంటావు, లోయ కూడా ఉంటుంది అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అంటున్నప్పుడు నాకు ఆశగానే ఉంది.

ఆమె రాగిగుడ్డను మడత పెడుతూ అడిగింది. "సరే, నాదే అనుకుందాం. నేను సచ్చిపోయిన దినం నీ చుక్క గూడా ఆరిపోతాది. ఆ పొద్దు ఏం రాస్తావు మే?"



పునర్వసు

కమిటీ వచ్చింది. స్పార్కు రొద లేని పాత డీజిల్ జీపులో ఒళ్లు హూనం చేసుకుని దిగారు. అధ్యక్షురాలికి లోయ నిశ్శబ్దం అలవాటు లేదు, మాటిమాటికీ చెవి వెనక తడుముకుంటోంది.

నా వంతు వచ్చింది. గ్రాఫులన్నీ పెట్టాను, వనభోజనం రోజుదీ పెట్టాను. "ఇది చుక్క కాదండీ. మాలో ఎవరిదో యంత్రం. మేం నక్షత్రాల వేళకు బతుకుతున్నాం కాబట్టి మా రొద కూడా చుక్కలా కనిపించింది," అన్నాను. మూడు నెలల సంతోషం నా చేత్తో నేనే చించుకున్నాను.

"ఎవరిది?" అంది అధ్యక్షురాలు.

"నేను చెప్పనండీ."

"అయితే ఉన్న నాలుగు గదులూ వెతికిస్తాం."

వెనక బెంచీ చప్పుడైంది. గంగోత్రి లేచి నిలబడింది. "వెతకాల్సిన పని లేదు మేడమ్. యంత్రముండేది నాకే. అది రొద చేస్తాందని నేననుకోలేదు, అంతే," అంది. భానోజీ గారు నేల వంక చూస్తూ ఉండిపోయారు. ఆయన ఒక్క మాట సాయమంటే బాగుండునని నాకు మనసులో కష్టమేసింది.

రాగిగుడ్డను ఎవరూ పరీక్షించలేదు. నా గ్రాఫు చాలన్నారు. గంగోత్రిని తమతో ఆ జీపులోనే గేటుకు తీసుకెళ్తామన్నారు. మాటబిళ్ల మఖ నాడు పెడతారు, తీసినది ఒకసారి మళ్లీ పెట్టాక లోయలోకి రానివ్వరు. నిజాయితీ చూపించినందుకు శాశ్వత స్థానం నాకే ఇస్తున్నామన్నారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చెంపదెబ్బల్లా ఉన్నాయి.

జీపెక్కుతూ గంగోత్రి ఒక్క మాటంది. "నేను పోయినాక గూడా దినామూ విను. నాకోసం విను మే."

పుష్యమి

అన్నం గంట కొట్టారు. నేను గిన్నె గదిలోనే కూర్చున్నాను. పని లేక కాదు, ఆ ఖాళీ వినాలని కూర్చున్నాను. గంగోత్రి గేటు దగ్గరుంది, కొండకు అవతల. అక్కడి రొద ఇక్కడికి రాదు, అందుకే గేటు అక్కడ పెట్టారు.

కాసేపటికి టకటకమని మొదలైంది.

అదే వేళకు, అదే తీరుగా, అంతసేపే వచ్చింది. ఒక క్షణం చుక్కేనేమో అనుకున్నాను, పిచ్చి సంతోషం వచ్చింది. వెంటనే వనభోజనం గుర్తొచ్చి ఆ సంతోషం విరిగిపోయింది. చుక్క కాదు. గంగోత్రిదీ కాదు. ఆ గుడ్డ నిజంగానే పనిచేసింది. ఆమె చెప్తూనే ఉంది, నేనే వినలేదు.

కిటికీలోంచి చూశాను. పైడమ్మ కుళాయి దగ్గర అంట్లు తోముతోంది. నేను ఇక్కడున్నాను. లోయలో ఇంకెవరున్నారు? వరండా చివర ఒక్క తలుపు మూసి ఉంది.

ఆషాఢంలో జీపులోంచి గంగోత్రి ఒక్కతే దిగలేదు. ప్రతి మాటకూ "ఆఁ?" అనే మనిషి, ఊరి నుంచి వచ్చాక వరండాలోంచి నా గొణుగుడు విన్నాడు. నేను ఇల్లంతా అనుమానించాను గానీ ఆ తలుపును అనుమానించలేదు. గురువు తలుపు కదా.

అయినా ఒక్కసారి తప్పు చేశాను. ఈసారి ఊహ మీద ఎవర్నీ పట్టుకోను.

ఆశ్లేష

పొద్దున్నే వంటింటికి వెళ్లాను. "పైడమ్మా, ఇవాళ అన్నం గంట బాగా ఆలస్యంగా కొట్టు."

"ఏటమ్మా, సుక్క దాటిపోతే బాబు ఊరుకుంతారేటి? నన్ను తిడతారు గాని."

"నా పేరు చెప్పు. గంగోత్రి కోసం అడుగుతున్నాను."

పైడమ్మ నా మొహంలోకి చూసింది. "ఆ పిల్ల ఎల్లిపోతాంటే నానేడ్సీసినాను," అంది. ఇంకేమీ అడగలేదు. కూర మాడిందని చెప్పి, స్వాతి దాటి చాలాసేపయ్యాక గంట కొట్టింది. భానోజీ గారు విసుక్కుంటూ తిని గదికి వెళ్లారు.

స్వాతి వెనక గిన్నెలో ఏమీ రాలేదు. ఆయన తలుపు మూసుకున్నాక వచ్చింది. టకటకమని కొడుతుండగానే లేచి వరండాలోకి నడిచాను.

తలుపు కొట్టాను, పలకలేదు. గట్టిగా కొట్టాను. గడియ లేదు, తోశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. మంకీ క్యాప్ కొక్కేనికి వేలాడుతోంది. ఆషాఢం తర్వాత మొదటిసారి ఆయన చెవులు చూశాను. కిటికీ గట్టు మీద చిన్న పెట్టె, అందులో శనగగింజలంత చెవి యంత్రాలు రెండు, వాటి పక్కన పచ్చదీపం. నేను ఇప్పటిదాకా విన్న టకటకతో కలిసి అది ఆరుతూ వెలుగుతోంది.

నాకు కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది, కానీ కోపమే ఎక్కువ. ఆ పిల్ల లేచి నిలబడితే ఎలా చూస్తూ ఊరుకున్నారని అడిగాను. ఒక్కరోజు తీసీమన్నది లోయ కోసమా, ఈ పెట్టె కోసమా అని అడిగాను. అన్నీ ఆయన వీపుకే అడిగాను. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు.

పెట్టె తీసుకున్నాను. నా నీడ గోడ మీద కదిలిందేమో, ఆయన తిరిగి చూశారు. నా చేతిలో పెట్టె చూసి మెల్లగా లేచి కూర్చున్నారు.

"చెవులు పోయాయమ్మా," అన్నారు, చాలా గట్టిగా, తన గొంతు తనకే తెలియనట్టు. "వినపడనోడు ఈ గిన్నెకి పెద్దేటి అని పంపిస్తారని దాచీసేను. ఆ పెట్టె రొద చేస్తోందని నువ్వు గ్రాఫు తెచ్చిన వేళే తెలిసింది. ఆ పిల్ల లేచి నిల్చుంటే నా నోరు పెగల్లేదు. పాపం చేసేను."

నేను జవాబు చెప్పినా ఆయనకు వినపడదు. కొండ వైపు, గేటు వైపు వేలు చూపించాను. ఆయన కాసేపు ఆ వేలును చూసి, వంగి చెప్పులు వెతుక్కున్నారు.

కూరలు దించడానికి సూరన్న జీపు తెచ్చాడు. మఖ రేపే, మమ్మల్నీ ఎక్కించుకోమన్నాను. కుదుపుల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతున్నాయి. భానోజీ గారు పక్కనే కూర్చున్నారు, కమిటీకి తానే చెప్తానని ఎక్కేముందు రెండుసార్లు అన్నారు. చెప్తారేమో. ఇప్పటికి రెండుసార్లు పెట్టె కోసం చేయి చాచారు. గంగోత్రి నా కళ్లకు కనిపించేదాకా ఇవ్వను.